పశుమత్తువైద్యమున సహాయకులు : దిగువ కృష్ణా డెల్టా

శస్త్రచికిత్సకు లోనగు పశువునకు బాధ తెలియకుండ చేసి, శస్త్రము సాగినంతసేపును దాని ప్రాణమును కాపాడి, తుదకు నాలుగు కాళ్ళపై నిలువబెట్టు విద్య పశుమత్తువైద్యము. ఏ మందు ఎంత ఇయ్యవలెనో నిర్ణయించువాడు పశువైద్యుడే ఐనను, మందు దేహమున ప్రవేశించినది మొదలు ఊపిరిని, నాడిని, కన్నును విడువక కనిపెట్టియుండువాడు ప్రాయికముగ సహాయకుడే. ఏలయన, కత్తి పట్టినవాని దృష్టి గాయముమీద నుండునే గాని ముఖముమీద నుండజాలదు. ఈ సహాయకుని మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతముల రైతులలో పెద్దవారు నేటికిని కాంపౌండరనియే పిలుతురు. యంత్రసామగ్రి తక్కువగా గల ఇట్టి సీమలో మత్తు క్షేమముగ ముగియుట మందు గొప్పతనముకంటె ఈ మనిషి శ్రద్ధపైననే హెచ్చుగ ఆధారపడియున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

కృష్ణానది పులిగడ్డవద్ద పాయలుగ చీలి సముద్రమును చేరులోపల ఏర్పడిన లంకభూమి దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందలి ముఖ్యస్థలములు. ఎదురుమొండివంటి దీవులకు ఏటిమొగ రేవున పంటు ఎక్కి దాటు అలవాటు గల ఈ ప్రాంతమున, ఈనలేక బాధపడుచున్న గేదెను పట్టణపు ఆసుపత్రికి తరలించుట ఒక్కొక్కప్పుడు శస్త్రచికిత్సకంటె కష్టమైన పని. గుడివాడ వైపున కాలువలు, వరిచేలు, చేపలచెరువులు. వరిగడ్డి మేసి పాలిచ్చు గ్రేడెడ్ ముర్రా గేదెలు ఇంటింటను కలవు. ఈ కృష్ణాజిల్లాలోనే గన్నవరమున 1998లో స్థాపింపబడి, నేడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందియున్న ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు. ఆంధ్రదేశమున పశువైద్య కళాశాల మొట్టమొదట 1955లో బాపట్లయందు ఆరంభమై 1957లో తిరుపతికి తరలిపోయిన సంగతి తెలిసినవారికి, డెల్టాసీమకు ఈ విద్య నాలుగు దశాబ్దముల పిమ్మట మరల దగ్గరయ్యెనని తోచక మానదు. కళాశాలలో మత్తుయంత్రముండవచ్చును. ఊరి ఆసుపత్రిలో నుండునది పశువును నిలిపికట్టు ఇనుపగొట్టముల ట్రెవిసు, మోకు, సిరంజి, ఇద్దరు మనుష్యులు.

సహాయకుని హద్దును చట్టము నిర్ణయించినది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము 30వ సెక్షను ప్రకారము పశువైద్యవృత్తి నమోదైన పశువైద్యునికే చెల్లును. డిప్లొమా లేక సర్టిఫికెట్టు గల స్టాకు అసిస్టెంటు మొదలగువారు రాష్ట్రప్రభుత్వానుమతిపై, వైద్యుని పర్యవేక్షణలో, టీకాలు, విత్తులు కొట్టుట, గాయములకు కట్టు కట్టుట మున్నగు చిన్న సేవలు మాత్రము చేయవచ్చును. పదవతరగతి పిదప పశుసంవర్ధక పాలిటెక్నిక్కులలో రెండేండ్లు చదివినవారు మన రాష్ట్రమున ఈ పనులకు వచ్చుచున్నారు. 2019లో గ్రామసచివాలయములు ఏర్పడినప్పుడు పశుసంవర్ధక సహాయకులను పేరుతో అనేకులు నియమింపబడిరి. మత్తు ఇచ్చుట ఆ చిన్న సేవలలో పేర్కొనబడలేదు. మత్తులోనున్న పశువును కనిపెట్టువాని అర్హతను గూర్చియు చట్టము పలుకదు. బ్రిటనులో పశువైద్య కళాశాల సంఘము 1961లోనే సహాయకులకు శిక్షణను, పరీక్షను ఏర్పరచినది. అమెరికాలో మత్తునందు ప్రత్యేకప్రావీణ్యము గల సాంకేతికులకు 1999లో ఒక విద్వత్సంఘమే వెలసినది. మనవద్ద ఆ నేర్పు ఇంకను గురుశిష్య న్యాయముగ, ఒక బల్లకడనుండి మరియొక బల్లకడకు, నడచుచున్నది.

ఐనను మత్తులోని జంతువును కనిపెట్టు విద్యకు తెలుగునేలతో గల సంబంధము మిక్కిలి పాతది. ఈథరు 1846లోను, క్లోరోఫారము 1847లోను మనుష్యచికిత్సలో ప్రవేశించిన పిదప, క్లోరోఫారముచే అప్పుడప్పుడు సంభవించు ఆకస్మికమరణములకు కారణము గుండె ఆగుటయా, ఊపిరి ఆగుటయా అను వివాదము వైద్యలోకమున పుట్టినది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జనగు ఎడ్వర్డు లారీ, ఆరవ నిజాము ధనసహాయముతో, 1888లో ఒక పరిశీలక సంఘమును ఏర్పరచి కుక్కలపై ప్రయోగములు జరిపి, గుండెకంటె ముందు ఊపిరియే ఆగునని ప్రకటించెను. ఇంగ్లండులోని వైద్యపత్రిక లాన్సెట్టు దానిని నమ్మకపోగా, 1889లో లండను వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాదునకు వచ్చి రెండవ సంఘమున పాల్గొన, కుక్కలు, కోతులు, మేకలు మొదలగు వందలకొలది జంతువులపై పరీక్షలు సాగినవి. ఆ సంఘమును ఊపిరివైపే మొగ్గెను. ఆ కాలముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారము నిచ్చుటయందు ప్రసిద్ధి కెక్కినది.

లారీ సిద్ధాంతము నిలువలేదు. 1911లో గుడ్మన్ లీవీ అను పరిశోధకుడు పిల్లులపై చేసిన ప్రయోగములవలన, తేలిక క్లోరోఫారము మత్తులో నున్న జంతువు గుండెను అడ్రినలిను తాకినచో ఊపిరి సాగుచుండగనే గుండె గడబిడపడి ఆగవచ్చునని తేలినది. సిద్ధాంతము తప్పైనను ఆచారము మేలైనదే: మత్తు ఇచ్చువాడు ఊపిరినుండి కన్ను మరల్చరాదని హైదరాబాదు బోధించినది, భయముతో గింజుకొను జంతువును బలవంతముగ మత్తులోనికి త్రోయరాదని లీవీ ప్రయోగము బోధించినది. క్లోరోఫారము నేడు లేదు. ఈ రెండు బోధనలును గ్రహించినవాడు మాత్రము గుడివాడ ట్రెవిసువద్ద నైనను సగము విద్య నేర్చినవాడే.

డెల్టాలో పశుశస్త్రచికిత్సలలో అధికభాగము పశువు నిలిచియుండగనే, ఒక భాగమును మాత్రము మొద్దుబారజేసి జరుపుదురు. నెమరువేయు జంతువును పూర్తిగ పడుకోబెట్టుటలో గల ప్రమాదములు దీనికి కారణము. మందు లిగ్నోకెయిన్ 2 శాతము. అనగా మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములు. తోకవద్ద ఇచ్చు ఎపిడ్యూరల్ దీనిలో మొదటిపాఠము. సహాయకుడు తోకను పట్టి చేతిపంపువలె పైకి క్రిందికి ఆడించుచుండగా, తోకయెముకలలో మొదటి రెండింటి నడుమ కదలుచోటు వైద్యుని వ్రేలికి తగులును. అచట రోమములు గొరిగి, శుభ్రపరచి, సూది గ్రుచ్చి, సూదిమొనపై నిలిపిన మందుబొట్టు తనంతట లోనికి పీల్చుకొనబడినచో స్థలము సరియైనదని గుర్తింతురు. పెద్దగేదెకు 5 మిల్లీలీటర్లు చాలును. తోక వాలిపోవుట మందు పట్టినదనుటకు గుర్తు. చాలలేదని తొందరపడి మందు పెంచినచో వెనుకకాళ్ళు పట్టుతప్పి గేదె ట్రెవిసులోనే కూలబడును. అందుచే గడియారము చూచి ఓపిక పట్టుమని వైద్యునికైనను గుర్తుచేయగల సహాయకుడు కావలెను. గర్భసంచి బయటికి దిగినప్పుడు, ఈనుట కష్టమైనప్పుడు, తోక తీయవలసివచ్చినప్పుడు ఇదియే శరణ్యము. బూజుపట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు చెవికొనలు, తోక, గిట్టలపై చర్మము కుళ్ళు డెగ్నాలా వ్యాధి వరిసీమలకు తెలియనిది కాదు. కుళ్ళిన తోకను తీయు పని ఈ ఎపిడ్యూరలుతోనే నెరవేరును.

పొట్టకోతకు వీపుప్రక్క నరములను, అనగా కడపటి రొమ్మునరమును, మొదటి రెండు నడుమునరములను మొద్దుబారజేయుదురు. తీగముక్కలు, మేకులు మ్రింగిన గేదెకు పెద్దపొట్ట తెరువవలసి వచ్చినప్పుడు ఎడమడొక్కయందు ఈ ప్రయోగము తరచు జరుగును. మందు పట్టినచో ఆ వైపు చర్మము వెచ్చబడును. కండలు సడలి వెన్ను ఆ వైపునకు ఉబ్బి వంగును. సూదితో గ్రుచ్చి చూచుటకు ముందే ఈ రెండు చిహ్నములను చేతితో, కంటితో కనిపెట్టుట నేర్చిన సహాయకుడు వైద్యునికి పావుగంట మిగుల్చును. తెల్లజాతి ఎద్దులలో కనుపించు కొమ్ముక్యాన్సరుకు కొమ్ము తీయునప్పుడు, కంటికొనకును కొమ్ముమొదటికిని నడిమిగా గట్టువంటి ఎముకక్రింద 5 నుండి 10 మిల్లీలీటర్లు ఇత్తురు. మోటుకొమ్ముల ఎద్దుకు కొమ్మువెనుకను మరియొక సూది అవసరము కావచ్చును.

ఇచ్చట సహాయకులు విశేషముగ గ్రహించదగినది లెక్క. మేకలు, గొర్రెలు లిగ్నోకెయినును గేదెవలె సహింపవు. కిలోబరువునకు 5 మిల్లీగ్రాములు సురక్షితమైన గరిష్ఠమాత్రగా తీసికొన్నచో, పదికిలోల మేకపిల్లకు 50 మిల్లీగ్రాములు, అనగా రెండున్నర మిల్లీలీటర్లు మాత్రమే. సిరంజిలో 5 మిల్లీలీటర్లు నింపి సిద్ధముగ పెట్టిన చేతికి గేదె అలవాటే కారణము గాని, ఆ చేయి మేకపిల్లను ఈడ్పులలోనికి త్రోయును. గాయము పెద్దదైనచో మందును శుద్ధమైన సెలైనుతో సగమునకు పలుచన చేసి వ్యాపింపజేయుట ఉపాయము. సూదిని గ్రుచ్చి ఒకసారి వెనుకకు లాగి, రక్తము రాలేదని చూచిన పిదపనే మందు నెక్కించుట సర్వత్ర నియమము.

నిలువనొప్పని పశువును శాంతింపజేయుటకు వాడుకలో నున్నది జైలజీన్. 1962లో జర్మనీదేశపు బేయరు సంస్థలో రూపొందిన ఈ మందును గూర్చి సహాయకుడు మరువరానిది ఒక్కటి: నెమరువేయు జంతువులకు గుఱ్ఱపుమాత్రలో పదియవవంతు చాలును. నాలుగువందల కిలోల గుఱ్ఱమునకు 400 మిల్లీగ్రాములు పట్టినచోట, అంతే బరువుగల గేదెకు కండలో 20 నుండి 40 మిల్లీగ్రాములు, అనగా 20 మిల్లీగ్రాముల సీసానుండి ఒకటి రెండు మిల్లీలీటర్లు. 100 మిల్లీగ్రాముల సీసాను పొరబాటున అందిచ్చినచో కలుగు అనర్థమును వేరుగ వర్ణింప నక్కరలేదు. కావుననే సీసాపై బలమును బిగ్గరగ చదివి చేతికిచ్చుట మంచి ఆసుపత్రులలో ఆచారమైయున్నది. నిండుచూలుతోనున్న గేదెకు ఈ మందు గర్భసంచిని సంకోచింపజేయును గాన నెలలు నిండినదా అని రైతును అడుగుట సూదికి ముందే జరుగవలెను. బెదిరిన పశువున ఇది సరిగ పనిచేయదు. సంక్రాంతికి గుడివాడలో జరుగు బండలాగుడు పోటీలకు మేపిన ఒంగోలు గిత్తను, జనసమ్మర్దమునడుమ కేకలతో పట్టి, సూది వేసి, మత్తు రాలేదని మరల సూది వేయువారు లీవీ చెప్పిన పాఠము నెరుగనివారు. గిత్తను దాని తోలువానితోనే నీడపట్టున నిలిపి, సూదివేసిన పిదప పావుగంట ఎవ్వరును తాకకుండ చూచుటయే ఇచ్చట సహాయకుని ప్రావీణ్యము.

సంపూర్ణమత్తు గేదెకు అరుదుగనే ఇత్తురు. పొట్టభాగము ఉదరవితానమును చీల్చుకొని రొమ్ములోనికి చొచ్చు వ్యాధి ముర్రాగేదెలలో తరచు కానవచ్చును. దానిని సరిచేయునప్పుడు రొమ్ము తెరువబడును గాన మరియొకరు ఊపిరి పోయక తప్పదు, కావున అట్టి గేదెలను బోధనాసుపత్రులకు పంపుదురు. అత్యవసరము కానిచో ముందటి దినమునుండి, 18 నుండి 24 గంటలు, గడ్డి ఆపుదురు. నీటిని అంతకంటె తక్కువకాలము. ఐనను పెద్దపొట్ట ఎన్నడును ఖాళీ కాదు. పడుకున్న పశువునకు త్రేనుపు ఆగిపోయి గాలి నిండి కడుపుబ్బరము కలుగును. ఆ ఉబ్బు ఊపిరితిత్తులపై ఒత్తును. పొట్టలోని ద్రవము నోటికి తిరిగివచ్చి శ్వాసనాళమున పడును. పశువునకు దినమునకు 100 లీటర్లకు పైగా ఊరు లాలాజలము మత్తులోను ఊరుచునే యుండును. దానిని ఆపుటకు అట్రోపిన్ ఇయ్యబోవుట కొత్తవారి సహజమైన తలంపు. కాని లాలాజలము తగ్గుటకు మారుగ చిక్కబడి, ప్రేవుల కదలిక మందగించును గాన నెమరువేయు జంతువులకు దానిని వాడుకగా ఇయ్యరు. మెడక్రింద గడ్డిమూట పెట్టి, మెడ ఎత్తుగను నోరు పల్లముగను ఉండునట్లు అమర్చినచో లాలాజలము బయటికి కారిపోవును. ఇది మందులేని మందు. వీలైనంతవరకు రొమ్ముపై, లేనిచో ఎడమవైపు పైకి వచ్చునట్లు పరుండబెట్టుట, శ్వాసనాళమున గాలితిత్తి గల గొట్టము నుంచుట, పొట్టలోనికి వేరొక గొట్టము దింపి గాలి తీయుట, ఈ పనులు నాలుగు చేతులతో ఏకకాలమున జరుగవలసినవి.

ఎండను గూర్చి గ్రంథములలో కొద్దిగనే యుండును గాని, రోహిణీకార్తెలో బందరుప్రాంతమున శస్త్రచికిత్స చేసినవారికి దాని విలువ తెలియును. గేదెకు చెమటగ్రంథులు తక్కువ, చర్మము నలుపు. జైలజీన్ దేహతాపమును అదుపులో నుంచుకొను శక్తిని సన్నగిల్లజేయును. అందుచే ఆ దినములలో పని తెల్లవారుజామున ఆరంభించి, మత్తుదిగువరకు తడిగోనెపట్టా కప్పి, ఉష్ణమాపకమును గంటలో నాలుగుసార్లైనను పెట్టి చూచుట వివేకము.

మత్తు లోతును కనిపెట్టుట ఈ విద్యకు పట్టుగొమ్మ. 1920లో ఆర్థరు గెడెల్ ఈథరుమత్తునకు ఏర్పరచిన దశల పట్టిక మనుష్యులకై పుట్టినదైనను, కన్నును చదువు పద్ధతికి దారి చూపినది. ఆవు, గేదెల కనుగ్రుడ్డు మత్తు చేరుకొలది క్రిందికి తిరుగును. మఱియు లోతైనచో నడిమికి వచ్చి నిలుచును, పాప విచ్చుకొనును. నడిమి కన్ను మేలుకొనుచున్న పశువునకును, చావునకు సమీపించిన పశువునకును సమానమే గనుక, రెప్ప తాకినపుడు ముడుచుకొనుటను, దవడ బిగువును కలిపి చూడక ఒక్క కన్నుతో తీర్పు చెప్పువాడు మోసపోవును. కెటమిన్ ఇచ్చిన జంతువులో ఈ లక్షణములు పనికిరావు: కన్నులు తెరచియే యుండును, రెప్ప కదలుచునే యుండును, కంటికి లేపనము పూయుట సహాయకుని పని. గేదె చిగుళ్ళు తరచుగ నల్లనివి గాన రంగు చూచుటకు కనురెప్ప లోపలను, ఆడుపశువున మానము లోపలను చూడవలెను. చెవియందలి ధమని నాడి చూచుటకు అనువైనది. అద్దము ముక్కునకడ పెట్టి ఊపిరితడిని చూచుటకంటె, డొక్క పైకెగసినపుడు గాలి నిజముగ బయటికి వచ్చుచున్నదా అని అరచేతితో తెలిసికొనుట నమ్మదగినది. గొట్టము మూసికొనిపోయినను డొక్క ఎగయుచునే యుండును.

యంత్రములు గలచోట పని సులువగును గాని శ్రద్ధ తగ్గింపరాదు. నాలుకకు తగిలించు ఆక్సిజను మాపకము 95 శాతమునకు దిగినచో కారణము వెదకవలెను. వెలువడు ఊపిరిలోని బొగ్గుపులుసువాయువును కొలుచు కాప్నోగ్రాఫు 35, 45 మిల్లీమీటర్ల నడుమ చూపవలెను. అది పెరుగుట ఊపిరి చాలమికి గుర్తు, హఠాత్తుగ సున్నకు పడుట గొట్టము ఊడుటకో, అన్నవాహికలో నుండుటకో, గుండె ఆగుటకో గుర్తు. ఐసోఫ్లూరేన్ యంత్రమును ఉదయముననే మూసి ఒత్తిడి నిలుచునో లేదో చూచి, పరీక్షకై మూసిన పాపాఫ్ వాల్వును మరల తెరచుట మరువరాదు. తెరువక మరచిన వాల్వు క్షణములలో ఊపిరితిత్తులను చిట్లజేయగలదు. కరెంటు పోయినపుడు ఈ సామగ్రి చాలమట్టుకు మూగవోవును. ఐదేసి నిమిషముల కొకసారి ఊపిరి, నాడి, రంగు, మందులు గీతల కాగితముపై వ్రాయు అలవాటు గలవానికి ఆ చీకటి అంత బాధింపదు.

కుక్కల విషయము వేరు. వీధికుక్కల సంతాననియంత్రణకు 2001లో వచ్చిన నియమములు 2023లో క్రొత్తవానిచే తొలగింపబడినవి. పట్టణములలో ఈ శస్త్రచికిత్సలు ఒకే దినమున వరుసగ పెక్కు జరుగును. యంత్రము లేనిచో జైలజీనుతో కెటమిన్ కలిపి, లేక ప్రొపొఫాలుతో, పని నడుపుదురు. కెటమిన్ షెడ్యూలు ఎక్స్‌లోని మందు గాన తాళములో నుంచి, ప్రతి మిల్లీలీటరును రిజిస్టరునకు ఎక్కింపవలెను. బ్రిటనులో జరిగి 2008లో ప్రకటితమైన పెద్ద పరిశీలనలో మత్తుచే మరణించిన కుక్కలు నూటికి 0.17, పిల్లులు 0.24. ఆ మరణములలో కుక్కలయందు సుమారు సగము, పిల్లులయందు సగమునకు పైగా, శస్త్రచికిత్స ముగిసిన పిదపనే, అందును మొదటి మూడుగంటలలోనే హెచ్చుగ కలిగినవి. కుట్లు పూర్తియైనవని అందరును చేతులు కడుగుకొన పోవు వేళయే అది. చిన్నకుక్క రాతినేలపై చల్లబడిపోవును గాన క్రింద గోనె, ప్రక్కన గుడ్డ చుట్టిన వేడినీటి సీసాలు ఉంచి, మ్రింగుట వచ్చువరకు గొట్టము తీయక, ఒక మనిషి దగ్గర కూర్చుండవలెను. గుండె ఆగినచో నిమిషమునకు 100 నుండి 120 మార్లు రొమ్మును అదుముచు, నిమిషమునకు పది ఊపిరులు పోయుచు, రెండేసి నిమిషములకు అదుమువారిని మార్చుచుండవలెను, కిలోకు 0.01 మిల్లీగ్రాము అడ్రినలిన్ సిరంజిలో ముందే లెక్కించి పెట్టియుంచుట శ్రమలేని జాగ్రత్త.

గేదె తేరుకొనునపుడు గొట్టపు తిత్తిలో కొంత గాలి నుంచియే గొట్టమును లాగుదురు. అటులైన గొంతులో నిలిచిన ద్రవము గొట్టముతో వెలుపలికి వచ్చును. రొమ్ముపై కూర్చుండబెట్టి, త్రేనుపు వచ్చినదాక కాచి, లేవబోవునపుడు మోకు సడలించి తోకమొదలు పట్టి ఊతమిత్తురు. మ్రింగుట నిశ్చయముగ తిరిగివచ్చువరకు కుడితి గాని, నీరు గాని పెట్టవలదని రైతుకు చెప్పుట ఒక పని. వాడిన మందుల పేర్లు, వేళ, సీసాపై ముద్రించిన పాలు వాడరాని గడువు, ముద్రణ లేనిచో వైద్యుడు నిర్ణయించిన గడువు చీటిపై వ్రాసి చేతికిచ్చుట మరియొక పని. డెల్టాగ్రామములలో సాయంకాలపు పాలు ఆ పూటనే కేంద్రమునకు పోవును గాన ఈ చీటి పాలు పితుకువేళకు ముందే ఇల్లు చేరవలెను.